నెక్ విప్పితే తెలిసే వయసు: ఒక పాత బేస్ గిటార్‌ను గుర్తుపట్టడం

(హైదరాబాద్‌లో వాద్యకారులు, వాయిద్యాల రిపేరు పని నేర్చుకుంటున్నవారి ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలున్నాయి. ఈ పూట నేను చూపించేవన్నీ చిన్న గుర్తులు. దూరం నుంచి కనపడవు.

బల్ల మీదున్న ఈ ఎర్ర బేస్ గిటార్ లాలాగూడ నుంచి వచ్చింది. ముందు వరుసలో కూర్చున్న ఆంటీ వాళ్లది. వాళ్ల నాన్నగారు రైల్వేలో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు డాన్స్ బ్యాండ్‌లో వాయించేవారట. చుట్టాలెవరో విదేశం నుంచి ఓడ మీద తెచ్చిచ్చారని, ఇది 1960 నాటిదని ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. బిల్లు లేదు, కాగితం లేదు. హెడ్‌స్టాక్ మీద, అంటే మెడ చివరి తల భాగం మీద, కంపెనీ పేరు ఫెండర్ అనీ మోడల్ పేరు జాజ్ బేస్ అనీ ఉంది. ఆంటీ ఒప్పుకున్నారు కాబట్టి నిన్న ఒకసారి విప్పి చూశాను, ఇప్పుడు మీ ముందు మళ్లీ విప్పుతాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. పాత వాయిద్యానికి మనం వెతకాల్సినవి రెండు హద్దులు. ఒకటి, "ఇంతకంటే ముందు తయారై ఉండదు". రెండోది, "ఆ రోజుకే ఉంది". వాయిద్యంలో ఉన్న ప్రతి భాగమూ మొదటి హద్దును కొంచెం ముందుకు జరుపుతుంది. ఇంట్లో దొరికే ఫొటోలు, ఉత్తరాలు, రసీదులు రెండో హద్దును కొంచెం వెనక్కి లాగుతాయి. ఈ రెండింటి మధ్య ఎంత సందు మిగిలితే అంతే మనకు తెలిసినట్టు. ఆ సందు ఏడాదైతే ఏడాదనే చెప్పాలి, అయిదేళ్లయితే అయిదేళ్లనే చెప్పాలి. గట్టిగా ఒక సంవత్సరం చెప్పేస్తే వినేవాడికి నచ్చుతుంది. కానీ ఆ మాట మీద ఒక కుటుంబం డబ్బు, ఒక వాయిద్యం చరిత్ర రెండూ ఆధారపడి ఉంటాయి.

బేస్ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఇళయరాజా పాటలు వింటూ పెరిగిన మనకు పాట కింద అది ఎంత బరువు మోస్తుందో చెవులకే తెలుసు. చరిత్ర రెండు మాటల్లో చెప్తాను. అమెరికాలోని సియాటెల్‌లో పాల్ టుట్‌మార్క్ అనే ఆయన 1930ల మధ్యలోనే ఫ్రెట్లున్న (మెడ మీద అడ్డంగా లోహపు పట్టీలున్న), లోపల బోలు లేని చెక్క ఎలక్ట్రిక్ బేస్ చేసి ఆడియోవాక్స్ పేరుతో అమ్మారు. అది నిలబడలేదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్ నిలబడింది. 1957లో దాని రూపం మారింది, రెండు ముక్కల పికప్ (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం) వచ్చింది. 1960లో జాజ్ బేస్ వచ్చింది: రెండు పికప్‌లు, నట్ దగ్గర, అంటే తీగలు తల వైపు ఆనే పట్టీ దగ్గర, సన్నటి నెక్ (మెడ), నడుము ఒక పక్కకు జరిగినట్టుండే బాడీ. 1965 జనవరిలో సీబీఎస్ అనే పెద్ద సంస్థ 1 కోటి 30 లక్షల డాలర్లకు ఫెండర్‌ను కొనేసింది. అందుకే 1965కు ముందువి అనగానే ధర ఎగురుతుంది, ధరతో పాటు అబద్ధాలు కూడా.

ఇక బల్ల దగ్గరికి వద్దాం. మొదట అందరూ నంబరే అడుగుతారు. వెనక వైపు నాలుగు స్క్రూలతో ఉన్న ఈ ఇనుప పలక మీద ఎల్ అక్షరంతో మొదలయ్యే నంబరుంది. ఎల్ నంబర్లు దాదాపు 1963 నుంచి 1965 వరకు వచ్చాయి. పని అయిపోయినట్టేనా? కాలేదు. ఈ పలకలు ఫ్యాక్టరీలో డబ్బాలో పడి ఉండేవి. బిగించేవాడు చేతికందినది తీసి బిగించేవాడు, వరుస పాటించలేదు. పైగా నాలుగు స్క్రూలు విప్పితే పలక ఊడి వస్తుంది, ఇంకోదానికి వెళ్లిపోతుంది. 1976 నుంచి నంబరును హెడ్‌స్టాక్ మీదికి మార్చారు, అప్పటి నుంచి ఈ ఇబ్బంది కొంత తగ్గింది. అంతకు ముందువాటికి నంబరు ఒక ఊహ మాత్రమే ఇస్తుంది. నేనైతే నంబరును చివర్లో చూస్తాను. ముందే చూస్తే మిగతావన్నీ దానికి సరిపోయేలా కనపడటం మొదలవుతాయి.

ముందు వైపు చూడండి. నాబ్‌లు మూడు: రెండు వాల్యూమ్, ఒకటి టోన్. మొదటి జాజ్ బేస్‌లకు మూడు ఉండవు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే జంట నాబ్‌లు రెండుంటాయి. 1962 ప్రాంతంలో అవి మూడు విడి నాబ్‌లుగా మారాయి. ఇంట్లో చెప్పుకునే 1960 ఇక్కడే కదిలింది. అయితే కంట్రోల్ ప్లేటు, అంటే నాబ్‌లు బిగించిన రేకు, మార్చడం పది నిమిషాల పని, కాబట్టి దీన్ని ఒక అనుమానంగా రాసుకుని ముందుకెళ్దాం. ఆ తొలి బేస్‌లకు ప్రతి తీగ కింద మోత తగ్గించే ఒక చిన్న స్ప్రింగు మ్యూట్ ఉండేది, బ్రిడ్జ్ (తీగల కింది చివర ఆనే భాగం) ముందు బాడీకి స్క్రూతో బిగించేవారు. మ్యూట్ పోయినా స్క్రూ రంధ్రాలు పోవు. ఇక్కడ ఆ రంధ్రాలు లేవు, పూడ్చిన జాడ కూడా లేదు. నాబ్‌లు చెప్పిన మాటకు ఇది బలం.

ఇప్పుడు ఫింగర్‌బోర్డ్, అంటే నెక్ మీద వేళ్లు నొక్కే పలక. దయచేసి ఒక్కొక్కరే వచ్చి నట్ పక్కన, పైనున్న రోజ్‌వుడ్ చెక్క కింది మేపుల్ చెక్కను కలిసే గీత చూడండి. 1959 మధ్య నుంచి 1962 మధ్య వరకు ఫెండర్ వాళ్లు మందంగా, అడుగు చదునుగా ఉన్న రోజ్‌వుడ్ పలక అతికించేవారు. ఆ తరువాత మేపుల్‌ను పైకి గుండ్రంగా చెక్కి, దాని మీద పల్చటి రోజ్‌వుడ్‌ను వంచి అతికించారు. దీని గీత వంపు తిరిగి ఉంది. అంటే 1962 మధ్య తరువాతిది. ఈ గుర్తును నేను ఎంతో నమ్ముతాను. దీన్ని మార్చాలంటే నెక్ మొత్తం కొత్తగా చేసుకోవాలి.

ఫింగర్‌బోర్డ్ మీది చుక్కలు చూడండి. మెరుపు లేకుండా, పాత సుద్దలాంటి రంగులో ఉన్నాయి. 1964 చివరి వరకు ఇలాంటివే. ఆ తరువాత ముత్యపు మెరుపున్న ప్లాస్టిక్ చుక్కలు వచ్చాయి. 1966లో జాజ్ బేస్‌కు చుక్కల బదులు పెద్ద దీర్ఘచతురస్రాలు వచ్చాయి. అంటే విప్పకముందే ఈ నెక్ 1962 మధ్యకూ 1965 మొదటికీ నడుమ ఇరుక్కుంది. హెడ్‌స్టాక్ మీది పేరు గురించి నేనేమీ అనను. ఆ స్టిక్కరు ఈ రోజుల్లో ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు.

విప్పే ముందు నేర్చుకునే పిల్లలకు ఒక మాట. తీగలు పూర్తిగా వదులు చేయకుండా నెక్ స్క్రూల జోలికి వెళ్లొద్దు. తలకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ వాడండి. అరవై ఏళ్ల స్క్రూ తల అరిగిపోతే ఆ మచ్చ శాశ్వతం. ఏ స్క్రూ ఏ రంధ్రంలోంచి వచ్చిందో కాగితం మీద బొమ్మ గీసి, దాని మీదే గుచ్చి పెట్టండి. ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి. ఏదీ తుడవొద్దు. లోపలి దుమ్ము కూడా ఎవరూ తెరవలేదని చెప్పే సాక్షే.

(నెక్ విప్పి, దాని మడమ వైపు సభకు చూపించారు.)

ఇదిగో. మడమ మీద రబ్బరు ముద్ర ఉంది: 7, మార్చి, 64, ఎ. చాలామంది దీన్ని 1964 మార్చి 7 అని చదువుతారు. ఈ 7 తేదీ కాదు, జాజ్ బేస్ నెక్‌కు ఫెండర్ ఇచ్చిన కోడ్. ప్రెసిషన్‌కు 5 ఉంటుంది. చివరి అక్షరం నట్ దగ్గర వెడల్పు: ఎ అంటే ఒకటిన్నర అంగుళం, జాజ్ బేస్ సన్నటి నెక్‌కు సరిపోయింది. 1962 మొదటి వరకు పెన్సిల్‌తో రాసేవారు, తరువాత ఇలా ముద్ర వేశారు. కాబట్టి ఈ నెక్ 1964 మార్చిలో తయారైంది. గుర్తుంచుకోండి, నెక్ మాత్రమే. నెక్ తయారై అలమరలో కూర్చుని కొన్ని వారాలకో నెలలకో బాడీతో కలిసేది. ఈ బాడీ ఈ నెక్‌తోనే ఫ్యాక్టరీ దాటిందా అన్నది ఇంకా తేలలేదు.

కంట్రోల్ ప్లేటు తీద్దాం. నాబ్ తిప్పితే తిరిగేవి, మన రేడియో రిపేరు వాళ్లు కంట్రోల్ అని పిలిచేవి, ఈ గుండ్రటి డబ్బాలే; వీటి మీద చిన్న అంకెలుంటాయి, భూతద్దం తీసుకోండి. టోన్ కంట్రోల్ మీద 3046347 అని ఉంది. మొదటి మూడు అంకెలు తయారీదారు: 304 అంటే స్టాక్‌పోల్, 137 ఉంటే సీటీఎస్. తరువాతి రెండు సంవత్సరం, చివరి రెండు ఆ ఏడాదిలో వారం. 1963, నలభై ఏడో వారం, అంటే నవంబరు. నవంబరులో కంట్రోల్, మార్చిలో నెక్. చక్కగా కుదిరింది. కానీ కంట్రోల్ ఎప్పుడూ మొదటి హద్దునే చెప్తుంది, అంతకు మించి చెప్పదు. 1966లో ఫెండర్ సీటీఎస్ కంట్రోళ్లను పెద్ద మొత్తంలో కొని పెట్టుకుంది, అవి 1969 నాటి గిటార్లలోనూ కనిపిస్తాయి. 66 అన్న అంకె చూసి 1966 గిటార్ అనేస్తే మూడేళ్లు తేడా కొట్టవచ్చు.

రెండు వాల్యూమ్ కంట్రోళ్లలో ఒకటి 304దే. రెండోది చూడండి, అంకెల్లేవు, టంకం కొత్తగా మెరుస్తోంది. ఇది మన కోఠి గుజరాతీ గల్లీలో దొరికే రకం. నిజానికి విప్పకముందే నాకు అనుమానం వచ్చింది, ఆ నాబ్ ఊగుతోంది. ఫెండర్ నాబ్ రంధ్రం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. ఈ కొత్తదాని ఇరుసు 6 మిల్లీమీటర్లే. దీన్ని చూసి కొందరు ముఖం చిట్లిస్తారు. నాకు మాత్రం గౌరవమే కలుగుతుంది. విదేశీ విడిభాగం తెప్పించుకోవడం అప్పట్లో మామూలు మనిషికి సాధ్యం కాదు. సాయంత్రం ప్రోగ్రాం ఆగకుండా చూసిన మెకానిక్ ఎవరో గల్లీలో దొరికినదే వేసి, మిగతా రెండింటినీ ముట్టుకోకుండా వదిలేశాడు. వైర్లు కూడా పాత గుడ్డ చుట్టినవే ఉంచాడు. పికప్‌ల అడుగు నల్లగా ఉంది. 1964 దాటాక అది బూడిద రంగైంది. అదీ సరిపోయింది.

(సభలో ఒకరు: "సార్, మరి ఈ ఎరుపు రంగు ఫ్యాక్టరీదేనా? ఎర్రవి అరుదు అంటారు కదా?")

మంచి ప్రశ్న, దానికే వస్తున్నాను. ఫెండర్ మామూలుగా అమ్మింది సన్‌బర్స్ట్: అంచులు నలుపు, లోపల ఎరుపు, మధ్యలో పసుపు. అదనంగా డబ్బు కడితే కార్ల రంగులు వేసేవారు, అందులో ఎరుపు కూడా ఉంది. అలాంటిది అసలుదైతే నిజంగానే అరుదు. కాబట్టి ఇక్కడ తొందరపడకూడదు.

పిక్‌గార్డ్, అంటే బాడీకి గీతలు పడకుండా ముందు బిగించే పలక, తీశాను. ఈ చిన్న రంధ్రాలు చూడండి. స్క్రూలవి కావు, మేకులవి. ఫెండర్‌లో 1964 వరకు బాడీ ముఖం మీద చిన్న మేకులు కొట్టి, వాటి మీద బాడీని నిలబెట్టి రంగు కొట్టి ఆరబెట్టేవారు. రంగు ఆరాక మేకులు పీకేసేవారు. అంటే ఏమిటి? రంగు వేసేటప్పుడు రంధ్రంలో మేకు ఉంది. అసలు రంగైతే రంధ్రం లోపల పచ్చి చెక్క కనపడాలి. ఈ రంధ్రాల్లోకి ఎరుపు దిగి ఉంది. ఫ్యాక్టరీ దాటిన తరువాత ఎవరో మళ్లీ రంగు వేశారు. నెక్ కూర్చునే గుంటలో చూస్తే ఎరుపు కింద, మూలన, పసుపు పొర సన్నగా కనిపిస్తోంది. ఇది సన్‌బర్స్ట్‌గా పుట్టింది. పైన ఉన్నది కార్లకు వేసే డ్యూకో, బహుశా మన ఊళ్లోనే ఏదో కార్ పెయింటింగ్ షెడ్డులో వేయించి ఉంటారు.

ఈ మేకుల రంధ్రాలే బాడీ వయసు కూడా చెప్తున్నాయి. నెక్ ముద్ర బాడీ గురించి మాట్లాడదు అన్నాను కదా. బాడీలో మేకుల రంధ్రాలుండటం వల్ల అదీ దాదాపు 1964కో అంతకు ముందుకో చెందుతుంది. నెక్ స్క్రూ రంధ్రాలు ఒక్కొక్కటే ఉన్నాయి, పూడ్చి మళ్లీ తవ్వినవి లేవు. రెండూ మొదటి నుంచీ కలిసే ఉన్నాయని నేను నమ్మడానికి ఇది చాలు.

ఇక రెండో హద్దు. ఇది నా బల్ల మీద దొరకలేదు, ఆంటీ వాళ్ల ఆల్బమ్‌లో దొరికింది. ఈ బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో వాళ్ల నాన్నగారు కోటు వేసుకుని ఇదే బేస్ పట్టుకుని ఉన్నారు. వెనక ఇంకుతో "క్రిస్మస్ 1966" అని రాసి ఉంది. పెద్దది చేసి చూశాను. బాడీ అంచులు చీకటిగా, మధ్యలో తెల్లగా ఉంది, అంటే అప్పటికి సన్‌బర్స్టే. ఎరుపు ఆ తరువాతిది. తీగల మీద రెండు క్రోమ్ మూతలు కూడా కనపడుతున్నాయి. ఇప్పుడు అవి లేవు, కానీ వాటి స్క్రూ రంధ్రాలు ఫొటోలో ఉన్నచోటే బాడీ మీదా ఉన్నాయి.

కాబట్టి నేను రాసిచ్చేది ఇదీ. 1964 మార్చిలో చేసిన నెక్. అదే కాలపు బాడీ. 1963 నవంబరు నాటి కంట్రోల్. వసంతానికో వేసవికో బిగించి ఉంటారు. 1966 క్రిస్మస్ నాటికి మన సికింద్రాబాద్‌లో మోగుతోంది. తరువాత రంగు మారింది, ఒక కంట్రోల్ మారింది. చివరికి ఎల్ నంబరు పలకను చూస్తే అదీ వీటికి ఎదురు చెప్పడం లేదు. ఆంటీ, ఇంట్లో చెప్పుకున్న 1960 కంటే ఇది నాలుగేళ్లు తరువాతిది. కానీ నాన్నగారు వాయించిన బేస్ ఇదేననే మాటను చెక్కే బలపరుస్తోంది.

(ప్రశ్న: "వేరే కంపెనీలవి ఎలా చూడాలి?")

క్లుప్తంగా చెప్తాను. రికెన్‌బ్యాకర్‌ది సుఖం: 1961 నుంచి 1986 వరకు జాక్ ప్లేటు (వైరు గుచ్చే చోటున్న రేకు) మీద రెండు అక్షరాలుంటాయి. మొదటిది సంవత్సరం, ఎ అంటే 1961. రెండోది నెల, ఎ అంటే జనవరి. ఎమ్, సి అని ఉంటే 1973 మార్చి. 1970ల రెండో సగం నుంచి 1980ల మధ్య దాకా వచ్చిన ఐబనేజ్‌లలో అక్షరం నెల, పక్కన రెండు అంకెలు సంవత్సరం. గిబ్సన్ మాత్రం కష్టపెడుతుంది. 1960లలో ఒకే నంబరును వేర్వేరు ఏళ్లలో మళ్లీ మళ్లీ వాడారు. 1977 నుంచి ఎనిమిది అంకెలు వచ్చాయి, మొదటిదీ అయిదోదీ కలిపితే సంవత్సరం, మధ్య మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజన్నది.

హాఫ్నర్ వయొలిన్ బేస్ గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. బీటిల్స్ బ్యాండ్‌లోని పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో ఒకటి కొన్నారు. 1972లో లండన్‌లో దాన్ని ఎవరో దొంగిలించారు. అది ఇంగ్లండ్‌లో ఒక ఇంటి అటక మీద ఏళ్ల తరబడి ఉండిపోయింది. దొరికిందన్న సంగతి 2024 ఫిబ్రవరిలో బయటపెట్టారు, హాఫ్నర్ కంపెనీ పరిశీలించి అదేనని చెప్పింది. ఆ 1961 మోడల్‌కు రెండు పికప్‌లూ నెక్ వైపు పక్కపక్కనే ఉంటాయి. ఆయన 1963లో తీసుకున్న రెండోదానికి అవి దూరంగా జరిగాయి. ప్రపంచమంతా వెతికిన వాయిద్యం అటక మీద ఉంది. మన బొల్లారం, మౌలాలి, తార్నాక ఇళ్లలోని అటకల మీద ఏమున్నాయో ఎవరైనా చూశారా? నాకైతే ఆ ఆశ పోలేదు.

(ప్రశ్న: "ఈ డ్యూకో తీసేసి మళ్లీ సన్‌బర్స్ట్ వేస్తే ధర పెరుగుతుందా?")

పెరగదు. రంగు మారిన పాత ఫెండర్‌కు వ్యాపారులు మామూలుగా అసలు రంగు దానికిచ్చే ధరలో సగమే చెప్తారు. మళ్లీ వేసినా అది మళ్లీ వేసిన రంగే. గీకేటప్పుడు చెక్క కూడా పోతుంది. కింద మిగిలిన ఆ పసుపు పొర, మేకుల రంధ్రాలు, అంటే ఇప్పుడు మనకు సాక్ష్యం చెప్పినవన్నీ పోతాయి. ఇది ఇలాగే ఉండాలి. విదేశానికి అమ్మాలనుకుంటే మాత్రం ఫింగర్‌బోర్డ్ రోజ్‌వుడ్ ఏదో ముందు తేల్చుకోవాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్ మీద 1992 నుంచి అంతర్జాతీయంగా కఠినమైన ఆంక్షలున్నాయి, అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు.

ఆంటీ, మీరు చేయాల్సింది రెండే. ఆ ఫొటోలో మీకు గుర్తున్నవాళ్ల పేర్లన్నీ ఈ వారమే వేరే కాగితం మీద రాసి దీనితో పాటు కేసులో పెట్టండి. ఆ రెండు క్రోమ్ మూతలు ఇంట్లో ఎక్కడైనా ఉన్నాయేమో వెతకండి. పెద్దది చేతి వెడల్పున వంగిన రేకులా ఉంటుంది, ఏమిటో తెలియక ఏ పనిముట్ల డబ్బాలోనో వేసి ఉంటారు. దొరికితే తోమకుండా తీసుకురండి, ఆ స్క్రూ రంధ్రాల మీద పెట్టి చూద్దాం.